ఎపాక్సీ మంటకు భాస్వరం విరుగుడు: ఎంతవరకు వచ్చాం?

2013 జులై 12న లండన్ హీత్రో విమానాశ్రయంలో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 787 ఒకటి ఖాళీగా నిలిచి ఉంది. ప్రయాణికులు లేరు, సిబ్బంది లేరు. తోక వైపు పైకప్పు లోపల, ప్రమాదం జరిగితే సంకేతాలు పంపే చిన్న పెట్టెలోని లిథియం బ్యాటరీ షార్టయి అంటుకుంది. బ్యాటరీ ఎంతసేపు మండగలదు? అందులోని శక్తి అయిపోగానే ఆరిపోవాలి. ఆరలేదు. విమానం చర్మంలో కార్బన్ నారలను పట్టి ఉంచిన రెసినే ఇంధనమై, మంట పైకప్పు పొడవునా నెమ్మదిగా పాకిందని బ్రిటన్ విమాన ప్రమాద దర్యాప్తు విభాగం తేల్చింది. గాల్లో ఉండగా ఇది జరగకపోవడం అదృష్టం.

ఆ రెసిన్ ఎపాక్సీ. పేరు కొత్తగా తోచినా వస్తువు మన ఇళ్లలో పాతదే. విరిగిన కప్పు పిడి అతికించడానికి రెండు ట్యూబులు పిండి కలిపే అరాల్డైట్ ఎపాక్సీ. కారే గొట్టానికి మెదిపి పూసే ఎం-సీల్ ఎపాక్సీ. ఫోన్‌లోని ఆకుపచ్చ బోర్డు, చిప్‌కు తొడిగిన నల్ల చొక్కా, గాలిమర రెక్క, ఆస్పత్రి నేల మీద అద్దంలా మెరిసే పూత, నూనె లేకుండా నడిచే ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ చుట్టూ పోసిన దిమ్మ, అన్నిట్లోనూ అదే. స్విట్జర్లాండ్‌లో పియరె కాస్టాన్ 1930లలో కట్టుడు పళ్లకు పనికొచ్చే పదార్థం వెతుకుతూ దీని దగ్గరికి వచ్చాడు. 1940లలో అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ రంగుల పరిశ్రమ కోసం మరో దారిన అక్కడికే చేరాడు. పళ్లకు పెద్దగా పనికిరాలేదు గానీ ప్రపంచానికి పనికొచ్చింది.

రెసిన్, హార్డెనర్ కలిపితే అణువులు చేతులు కలుపుకొని ఒకే పెద్ద వల అవుతాయి. ఒకసారి గట్టిపడ్డాక వేడిచేసినా కరగదు. అతుకు గట్టిది, కరెంటు పారనివ్వదు, రసాయనాలకు లొంగదు. చిక్కంతా ఒక్కటే: మండుతుంది. 300 డిగ్రీల సెల్సియస్ దాటాక వలలోని ఆల్కహాల్ ముక్కలు నీటిని వదులుతాయి, ఆపైన బంధాలు తెగి ఫీనాల్ జాతి ఆవిర్లు లేస్తాయి. ఆ ఆవిర్లే మంటకు మేత. మామూలు ఎపాక్సీ కడ్డీ నిలకడగా మండటానికి గాలిలో 20 నుంచి 26 శాతం ఆక్సిజన్ ఉంటే చాలు. మనం పీల్చే గాలిలో ఉన్నది 21 శాతం. కొన్ని రకాలు అగ్గిపుల్ల తీసేశాక కూడా చివరిదాకా మండుతూనే ఉంటాయి, నల్లటి పొగ కక్కుతూ.

చాలాకాలం దీనికి మందు బ్రోమిన్. టెట్రాబ్రోమో బిస్‌ఫినాల్-ఏ అనే అణువును రెసిన్ గొలుసులోనే కలిపేస్తే బోర్డు అంటుకోదు. ఎలక్ట్రానిక్స్ వాళ్లు రోజూ అనే ‘ఎఫ్ఆర్-4’ బోర్డు పేరులో ఎఫ్ఆర్ అంటే మంటను ఆపేదనే అర్థం, ఆ పేరు తెచ్చిపెట్టింది ఎక్కువగా బ్రోమినే. అయితే బ్రోమిన్ బోర్డులు కాలినా, పాత సామాను కుప్పల్లో రాగి కోసం కాల్చినా, డయాక్సిన్ల జాతి విషాలు పుట్టే అవకాశం ఉంది. ఐరోపా 2003లో చేసి 2006 జులై నుంచి అమలుచేసిన చట్టం కొన్ని బ్రోమిన్ రసాయనాలను నిషేధించింది. మన దేశపు ఈ-వ్యర్థాల నిబంధనలూ వాటికే 0.1 శాతం హద్దు పెట్టాయి. టెట్రాబ్రోమో బిస్‌ఫినాల్-ఏ ఆ జాబితాలో లేదు, కానీ దాని మీద నీడ పడింది. క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ 2016లో దాన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కారకమని వర్గీకరించింది. అందరి చూపూ భాస్వరం మీదికి మళ్లింది.

గత పాతికేళ్లలో ఎపాక్సీలో భాస్వరం మీద వచ్చిన పరిశోధనా పత్రాలు గుట్టలు. ఆ గుట్టలో కొంత చదివాక కలిగిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. భాస్వరం మంటను ఆపుతుందా అన్న ప్రశ్న తీరిపోయింది, ఆపుతుంది. తీరవలసినవి రెండున్నాయి: అది ఎక్కడ నిలబడి ఆపుతోంది, ఆ ఆపడానికి మనం ఏం చెల్లిస్తున్నాం. చాలా పత్రాలు తీరిపోయిన ప్రశ్నకే జవాబు చెప్పి చప్పట్లు కొట్టుకుంటాయి, ఈ రెండింటి దగ్గర దాటవేస్తాయి.

అగ్గిపెట్టెలో ఉన్నదే ఆర్పేది

భాస్వరం మంట ఆర్పుతుందంటే వింతగానే ఉంటుంది. అగ్గిపెట్టె పక్కన పుల్ల గీసే పట్టీలో ఉండేది ఎర్ర భాస్వరమే. తెల్ల భాస్వరమైతే గాలి తగిలితే చాలు అంటుకుంటుంది. అయినా దీని నిప్పార్పే గుణం రెండు వందల ఏళ్లుగా తెలుసు. ఫ్రాన్స్ రాజు పద్దెనిమిదో లూయీ నాటకశాలల తెరలు అంటుకోకుండా ఏదైనా చేయమంటే, గే-లుసాక్ అనే రసాయన శాస్త్రవేత్త 1821లో అమోనియం ఫాస్ఫేట్, బోరాక్స్ వంటి లవణాల ద్రావణంలో బట్టను తడిపి ఆరేయమన్నాడు. మన రైతులు బస్తాల్లో మోసుకెళ్లే డీఏపీ కూడా అమోనియం ఫాస్ఫేటే. అమెరికాలో అడవులు తగలబడితే విమానాల నుంచి చల్లే ఎర్రటి ద్రవంలోనూ ఈ జాతి లవణాలే ఉంటాయి.

ఎపాక్సీలో భాస్వరం రెండు చోట్ల పని చేస్తుంది. ఒకటి కింద, ఘనపదార్థంలో. వేడికి భాస్వరం ఫాస్ఫారిక్ ఆమ్లంగా, ఇంకా వేడికి పాలీఫాస్ఫారిక్ ఆమ్లంగా మారి, రెసిన్‌లోని నీటిని లాగేస్తుంది. నీళ్లు పోయిన చోట కర్బనం మిగిలి పొరకడుతుంది. అన్నం గిన్నె అడుగంటినప్పుడు పట్టే మాడు లాంటిదే ఇది. ఆవిరి కావలసిన కర్బనం మాడుగా గడ్డకట్టిందంటే మంటకు మేత అంత తగ్గినట్టే. పైగా ఆ మాడు కింది రెసిన్‌కు వేడి తగలకుండా కప్పు వేస్తుంది. పక్కన నత్రజని సమ్మేళనాలు ఉంటే వాటి వాయువులు మాడును ఉబ్బిస్తాయి. దీపావళికి వెలిగించే పాము బిళ్ళ బూడిదలా పొంగి మెలికలు తిరిగే దృశ్యం గుర్తు చేసుకోండి, అదే తీరు.

రెండోది పైన, మంట లోపల. మంట అంటే కాలుతున్న గొలుసు. ఒక హైడ్రోజన్ పరమాణువు ఆక్సిజన్ అణువును ఢీకొంటే ఒకటి పోయి రెండు చురుకైన ముక్కలు పుడతాయి, అవి మరికొన్నిటిని పుట్టిస్తాయి, చక్రవడ్డీలాగా. భాస్వరం ఆవిరిగా లేచి పీఓ అనే ముక్కగా మారితే అది హైడ్రోజన్‌ను పట్టుకుంటుంది. మరో హైడ్రోజన్ వచ్చి తగలగానే ఆ రెండూ జతకట్టి మామూలు హైడ్రోజన్ వాయువుగా వెళ్లిపోతాయి. పీఓ మళ్లీ ఖాళీ చేతులతో నిలబడుతుంది. అరుగుదల లేని కాపలాదారన్నమాట. 1970లలో అమెరికాలో జాన్ హేస్టీ మంట లోపలికి గొట్టం పెట్టి ఈ ముక్కలను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో పట్టి చూపించాడు.

ఏ భాస్వరం పైకి లేస్తుంది, ఏది కింద ఉండిపోతుంది? బెర్లిన్‌లో బెర్న్‌హార్డ్ షార్టెల్ బృందం 2006లో ప్రచురించిన పని నాకు ఈ మొత్తం సాహిత్యంలో ఎక్కువ నచ్చినది. కార్బన్ నారల ఎపాక్సీలో నాలుగు రకాల భాస్వరం పెట్టి పోల్చారు. నాలుగింటికీ తేడా భాస్వరం చుట్టూ ఎన్ని ఆక్సిజన్లు ఉన్నాయన్నదే. ఆక్సిజన్లు ఎక్కువైన కొద్దీ భాస్వరం మాడులో ఉండిపోయింది, తక్కువైన కొద్దీ ఆవిరై మంటలోకి వెళ్లింది. ఇంత సరళమైన సూత్రం చేతిలో ఉండీ ఆ తర్వాత వచ్చిన ఎన్నో పత్రాలు ‘మా అణువు రెండు చోట్లా పనిచేస్తుంది’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టేశాయి. రెండు చోట్లా పని చేయడం నిజమే కావచ్చు, పాళ్లు చెప్పకపోతే ఆ మాటకు బరువు లేదు.

సరుకుల పట్టీ

ఎపాక్సీలో సాధారణంగా 2 నుంచి 3 శాతం భాస్వరం ఉంటే మంచి ఫలితం వస్తుందని అనుకుందాం. 2 శాతానికి ఏ సరుకు ఎంత వేయాలి? ఎర్ర భాస్వరమైతే వంద గ్రాములకు రెండు గ్రాములు, ఎందుకంటే అదంతా భాస్వరమే. అమోనియం పాలీఫాస్ఫేట్‌లో 31 శాతం కాబట్టి ఆరున్నర గ్రాములు. కాసేపట్లో చెప్పబోయే డోపో అనే సమ్మేళనంలో 14.3 శాతం, అంటే 14 గ్రాములు. ట్రైఫినైల్ ఫాస్ఫేట్‌లో 9.5 శాతమే, 21 గ్రాములు కావాలి. ఈ లెక్క చూస్తే ఎర్ర భాస్వరాన్ని మించినది లేదనిపిస్తుంది. అలా అనుకున్నవాళ్లు దెబ్బతిన్నారు కూడా.

ఆ కథ చెప్పుకోదగ్గది. ఇరవయ్యో శతాబ్దం చివర బ్రోమిన్ వద్దన్న ఊపులో, జపాన్‌లో చిప్‌లకు తొడిగే నల్ల ఎపాక్సీలో ఎర్ర భాస్వరం కలిపారు. తేమ తగిలితే అది ఆమ్లమవుతుందని తెలుసు కాబట్టి, ప్రతి రేణువుకూ అల్యూమినియం హైడ్రాక్సైడ్, ఫినాలిక్ రెసిన్ పూతలు వేశారు. పరీక్షల్లో నెగ్గింది. ఆ చిప్‌లు కంప్యూటర్ హార్డ్‌డిస్కుల్లోకి వెళ్లాయి. 2001, 2002 నాటికి ఆ డిస్కులు కుప్పలుగా చచ్చిపోవడం మొదలైంది. పూత సరిగా పడని రేణువుల్లోకి గాలిలోని తేమ దూరింది, ఫాస్ఫారిక్ ఆమ్లం పుట్టింది, ఆ ఆమ్లంలో చిప్ కాళ్ల మీది లోహం కరిగి పక్క కాలి వైపు పాకి షార్టు చేసింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. మంట పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్న పదార్థం వానాకాలపు గాలికి ఓడిపోయింది. నావరకు భాస్వరం ఎపాక్సీలన్నిటికీ ఇదే అసలు పరీక్ష: మండదు సరే, తడిస్తే ఏమవుతుంది?

అమోనియం పాలీఫాస్ఫేట్ చవక, ఉబ్బే మాడుకు పెట్టింది పేరు. ఉక్కు దూలాలకు వేసే అగ్ని రక్షణ పూతల్లో ఇది ముఖ్య సరుకు. కానీ నీటిని లాగుతుంది. అందుకే మెలమైన్ రెసిన్‌తో రేణువులకు పొర వేస్తారు. పైగా ఇది పొడి. పొడి వేస్తే ఎపాక్సీ చిక్కబడుతుంది, పారదర్శకత పోతుంది, బలం తగ్గుతుంది. ఫాస్ఫేట్ ఎస్టర్లు ద్రవాలు, కలపడం సులువే గానీ రెసిన్‌తో అంటిపెట్టుకోకుండా సందుల్లో దూరి దాన్ని మెత్తబరుస్తాయి; ఏళ్ల తరబడి మెల్లగా బయటికి వచ్చి ఇంటి దుమ్ములో చేరతాయి. అల్యూమినియం డైఇథైల్ ఫాస్ఫినేట్ నీటిలో కరగదు, వేడికి బాగా తట్టుకుంటుంది, 23 శాతానికి పైగా భాస్వరం ఉంటుంది. బ్రోమిన్ లేని బోర్డుల్లో ఇవాళ నిజంగా వాడేవాటిలో ఇదొకటి. ఫాస్ఫజీన్లు కూడా మంచివే, ఖరీదే అడ్డు.

ఇక డోపో. దీని పూర్తి పేరు రాస్తే ఒక వరుస పడుతుంది, అందుకే పరిశ్రమ అంతా ముద్దుగా డోపో అంటుంది. 1970లలో జపాన్‌లోని సాంకో కంపెనీలో సైతో దీన్ని తయారు చేశాడు. దశాబ్దాల పాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బ్రోమిన్ మీద వ్యతిరేకత మొదలయ్యాక, ముఖ్యంగా తైవాన్‌లో బోర్డుల పరిశ్రమ పక్కనే ఉన్న ప్రయోగశాలలు దీన్ని పట్టుకున్నాయి. దీని గొప్పతనమంతా ఒక భాస్వరం-హైడ్రోజన్ బంధంలో ఉంది. ఆ హైడ్రోజన్ ఎపాక్సీ ఉంగరాన్ని తెరిచి రెసిన్‌లో రసాయనికంగా అతుక్కుపోతుంది, ఇక బయటికి జారదు. వేడికి తెగినప్పుడు పీఓను మంటలోకి దండిగా పంపుతుంది.

అయితే ఆ అతుకుకూ వెల ఉంది. డోపోకు చేయి ఒక్కటే. అది పట్టుకున్న ఎపాక్సీ చేయి ఇక వల అల్లడానికి పనికిరాదు. మామూలు బిస్‌ఫినాల్-ఏ రెసిన్, డీడీఎస్ హార్డెనర్ తీసుకొని 2 శాతం భాస్వరానికి లెక్క వేసి చూడండి. వంద ఎపాక్సీ చేతుల్లో దాదాపు 18 డోపోకే పోతాయి. వల పలచబడుతుంది. 200 డిగ్రీల దాకా గట్టిగా ఉండాల్సిన దిమ్మ అంతకంటే పదుల డిగ్రీల ముందే మెత్తబడుతుంది. ఆ మెత్తబడే ఉష్ణోగ్రతను ఈ రంగంలో అందరూ టీజీ అంటారు. సీసం లేని టంకం వచ్చాక బోర్డు 260 డిగ్రీల దాకా కొలిమిలోంచి వెళ్లాలి, అలాంటప్పుడు టీజీలో పది డిగ్రీలు కూడా చిన్న నష్టం కాదు. పరిశ్రమ రెండు ఉపాయాలు కనిపెట్టింది. రెండు చేతులకు బదులు ఎక్కువ చేతులున్న నోవొలాక్ ఎపాక్సీ వాడటం మొదటిది. కొన్ని పోయినా వల నిలుస్తుంది. డోపోను బెంజోక్వినోన్‌తో కలిపి రెండు చేతుల ఫినాల్‌గా మార్చడం రెండోది; అప్పుడది గొలుసు మధ్యలో కూర్చుంటుంది, గొలుసును తెంపదు. ప్రయోగశాలల్లో డోపోకు తగిలించిన కొత్త తోకలు వందల్లో ఉన్నాయి. ఫ్యాక్టరీలో నిలబడ్డవి చేతివేళ్ల మీద లెక్కించవచ్చు. ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు ధర, సరఫరా, తేమ. కొత్త అణువులు రాసేవాళ్లు ఈ మూడింటినీ పట్టించుకోరు.

సూక్ష్మ పదార్థాల జోడీల గురించి క్లుప్తంగానే చెబుతాను. బంకమట్టి పొరలు, సిలికాన్ పంజరాలు, గ్రాఫీన్, మాక్సీన్లు, నల్ల భాస్వరం, ఏ ఏడాది ఏ పదార్థం మోజులో ఉంటే దాన్ని భాస్వరంతో కలిపి ఎపాక్సీలో వేశారు. వీటిలో బీజింగ్‌లో రోంగ్‌జీ యాంగ్ బృందం 2011 ప్రాంతంలో గమనించిన ఒక సంగతి నిజంగా కొత్తది. డోపో, సిలికాన్ కలిసిన రెసిన్ మండుతుంటే లోపల పేరుకున్న వాయువులు మాడును చీల్చుకొని ఒక్కసారిగా ఊదినట్టు బయటికి తన్ని, మంటను తామే ఆర్పేశాయి. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం గ్రాఫిక్ బొమ్మల అందమే.

వీ-0 అనే మాయ

ఇప్పుడు పరీక్షల సంగతి. ఈ రంగపు పత్రం ఏది తెరిచినా మొదటి పేజీలోనే ‘యూఎల్-94 వీ-0 సాధించింది’ అని ఉంటుంది. 125 మిల్లీమీటర్ల పొడవు, 13 వెడల్పు కడ్డీని నిలువుగా వేలాడదీసి, కింద 20 మిల్లీమీటర్ల చిన్న మంటను 10 సెకన్లు పెట్టి తీస్తారు. ఆరాక మళ్లీ 10 సెకన్లు. ప్రతిసారీ 10 సెకన్లలోపు ఆరిపోతే, అయిదు కడ్డీలకూ కలిపి మొత్తం 50 సెకన్లు దాటకపోతే, మండే చుక్కలు కింది దూదిని అంటించకపోతే వీ-0. చిన్న నిప్పురవ్వ పడినప్పుడు వస్తువు అంటుకుంటుందా అని చెప్పడానికి ఇది చక్కటి పరీక్ష. గది మొత్తం తగలబడుతున్నప్పుడు ఆ వస్తువు ఏం చేస్తుందో ఇది చెప్పదు. మందం కూడా చూడాలి. 3.2 మిల్లీమీటర్ల కడ్డీ వీ-0 నెగ్గడం సులువు, 0.8 మిల్లీమీటర్లది కష్టం. ఫోన్ బోర్డు ఒక మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. పరిశోధనా పత్రాల కడ్డీలు మాత్రం ఎక్కువగా 3 మిల్లీమీటర్ల పైనే.

పెద్ద మంటకు దగ్గరగా వచ్చేది కోన్ కెలోరీమీటర్. 1982లో అమెరికాలో వైటెనిస్ బాబ్రౌస్కస్ రూపొందించాడు. పదార్థం కాలుతూ ఎంత ఆక్సిజన్ తిన్నదో కొలిస్తే ఎంత వేడి పుట్టిందో తెలుస్తుంది. కిలో ఆక్సిజన్‌కు దాదాపు 13.1 మెగాజౌళ్లు, ఏ పదార్థమైనా ఇంచుమించు ఇంతే. ఈ యంత్రంలో భాస్వరం ఎపాక్సీ వేడి శిఖరం మూడో వంతు నుంచి సగానికి పైగా తగ్గడం మామూలే. బాగానే ఉంది. అయితే అదే పరీక్ష ఫలితాల పట్టికలో పొగ, కార్బన్ మోనాక్సైడ్ వరుసలు చూడండి. పీఓ కాపలాదారు మంటను మధ్యలో తెంపుతుంది కదా, అంటే ఇంధనం సగం కాలి ఆగిపోతుంది. సగం కాలిన ఇంధనమే పొగ, మోనాక్సైడ్. మంటలో పని చేసే భాస్వరంతో, కాలిన ప్రతి గ్రాముకూ వచ్చే మోనాక్సైడ్ సాధారణంగా పెరుగుతుంది. మాడులో పని చేసే భాస్వరంతో అది అంతగా పెరగదు, కాలే పదార్థమే తగ్గుతుంది. ‘ఎక్కడ నిలబడి ఆపుతోంది’ అని మొదట్లో అడిగింది ఇందుకే.

పొగ చిన్న విషయం కాదని మనకు చెప్పనక్కర్లేదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంట విద్యుత్ ప్యానెళ్లలో మొదలైంది. లోపలివాళ్లను బయటికి రానివ్వనిది, కాపాడబోయినవాళ్లను లోపలికి పోనివ్వనిది పొగ. తొమ్మిది మంది పోయారు. సొరంగం, మెట్రో, విమానం, జలాంతర్గామి లాంటి చోట్ల వాడే రెసిన్‌కు వీ-0 ధ్రువపత్రం ఒక్కటే చూపించి అమ్మజూపితే కొనేవాడు అనుమానించాలి.

విమానయానం ఆ అనుమానం ముందే పడింది. ప్రయాణికుల క్యాబిన్ లోపలి పెద్ద ప్యానెళ్లకు అమెరికా నిబంధన వేడి శిఖరం చదరపు మీటరుకు 65 కిలోవాట్లు దాటకూడదంటుంది, రెండు నిమిషాల్లో విడుదలయ్యే మొత్తానికీ హద్దు పెట్టింది. ఎపాక్సీ, ఎంత భాస్వరం పెట్టినా, దీన్ని నెగ్గడం చాలా కష్టం. అందుకే ఆ ప్యానెళ్లు పెళుసైనా సరే ఫినాలిక్ రెసిన్‌తోనే చేస్తారు. హీత్రోలో కాలింది క్యాబిన్ లోపలి ప్యానెల్ కాదు, బయటి చర్మం. దానికి ఈ హద్దు వర్తించదు.

నారలున్న చోట భాస్వరానికి ఇంకో ఇబ్బంది. రెసిన్‌ను కార్బన్ బట్టలోకి పీల్చి గట్టిపరిచే పద్ధతిలో, పొడి మందు వేస్తే బట్ట జల్లెడలా పట్టేస్తుంది. ఒక చివర మందు, ఇంకో చివర వట్టి రెసిన్. ఉబ్బే మాడు కూడా నారల మధ్య ఉబ్బలేదు, చోటేది? అందుకే విమాన రెసిన్లకు కరిగి కలిసిపోయే డోపో జాతి అణువులే వెతుకుతున్నారు. స్విట్జర్లాండ్‌లో ఎంపా సంస్థలో సబ్యసాచి గాన్ బృందం రెండు డోపోలను వంతెనలా కలిపిన అణువుల మీద చేస్తున్న పని ఈ దిశలో గట్టిది.

తవుడు, జీడిపిక్క

విషం సంగతి కొంత నిజాయితీగా చూడాలి. బ్రోమిన్ చెడ్డది, భాస్వరం మంచిది అనే రెండు గడుల కథ అమ్మకాలకు బాగుంటుంది. కొన్ని భాస్వరం ఎస్టర్ల చరిత్ర మచ్చలేనిదేమీ కాదు. 1970లలో అమెరికాలో పిల్లల పడక దుస్తులకు పట్టించిన ట్రిస్ అనే మందు బ్రోమిన్, భాస్వరం రెండూ ఉన్నది. జన్యువులను మారుస్తుందని తేలి 1977లో అక్కడ దాన్ని తీసేశారు. క్లోరిన్ ఉన్న ఫాస్ఫేట్లు ఐరోపాలో ఆంక్షల కింద ఉన్నాయి. ఎపాక్సీలోనూ ప్లాస్టిక్కులోనూ తెగ వాడిన ట్రైఫినైల్ ఫాస్ఫేట్‌ను హార్మోన్లను దెబ్బతీసే పదార్థంగా 2024 నవంబరులో ఐరోపా తన ఆందోళనకర రసాయనాల జాబితాలో చేర్చింది. చూడాల్సింది మూలకం పేరు కాదు, అణువు రెసిన్‌కు కట్టుబడి ఉందా, వదులుగా తిరుగుతోందా అన్నది. అయితే ఆ కొలతతో చూస్తే టెట్రాబ్రోమో బిస్‌ఫినాల్-ఏ కూడా కట్టుబడి ఉన్నదే. ఆ ఒక్క వాదనతో డోపోను గెలిపించలేం. కాలినప్పుడు ఏం పుడుతుందన్న దగ్గరే దాని గెలుపు.

మొక్కల నుంచి భాస్వరం తెచ్చే ప్రయత్నాల్లో ఎక్కువ వినిపించే పేరు ఫైటిక్ ఆమ్లం. ధాన్యం తనకు కావలసిన భాస్వరాన్ని దాచుకునే రూపమిది. బరువులో 28 శాతం భాస్వరం. బియ్యపు తవుడులో దండిగా ఉంటుంది. గోదావరి జిల్లాల రైసు మిల్లుల తవుడు నూనెకూ దాణాకూ పోతుంది, అందులో ఇంత మంట నిరోధకం ఉందని ఎవరూ లెక్కవేయరు. చిక్కేమిటంటే ఇది బలమైన ఆమ్లం, నీటిలో కరుగుతుంది, నూనె స్వభావం ఉన్న ఎపాక్సీలో కలవదు, కలిపితే హార్డెనర్‌తో పేచీ పెట్టుకుంటుంది. మెలమైన్ వంటి వాటితో లవణం చేసి పొడిగా వేస్తున్నారు. మళ్లీ పొడి, మళ్లీ తేమ.

జీడిపిక్క పెంకు నూనె ఇంకా ఆసక్తికరం. పలాసలో జీడిపప్పు ఒలిచే చోట చేతులు కాల్చే ఆ నల్లటి నూనె నుంచి కార్డనాల్ వస్తుంది. ఎపాక్సీ హార్డెనర్ల పరిశ్రమ దాన్ని ఎప్పటి నుంచో కొంటోంది. దానికి భాస్వరం తగిలిస్తే మండని రెసిన్ వస్తుందని తిరువనంతపురంలోని సీఎస్‌ఐఆర్ ప్రయోగశాల 1990లోనే చూపించింది. కానీ కార్డనాల్‌కు 15 కర్బనాల పొడవాటి తోక ఉంది. తోక వల్ల రెసిన్ పెళుసుదనం పోతుంది, అదే తోక నూనెలా మండుతుంది, టీజీనీ లాగేస్తుంది. పూతలకు బాగుంటుంది, బోర్డుకు కాదు. ‘హరిత’ అనే మాట పత్రం శీర్షికలో కనిపిస్తే ఒక ప్రశ్న వేయండి: అందులో భాస్వరం ఎక్కడిది? చాలాసార్లు అది ఫాస్ఫరస్ ట్రైక్లోరైడ్ నుంచి, అంటే విద్యుత్ కొలిమిలో ఖనిజాన్ని కాల్చి తీసిన తెల్ల భాస్వరం నుంచి వచ్చినదే. ఆ తెల్ల భాస్వరం తీసే దేశాలు చైనా, వియత్నాం, కజకిస్తాన్, అమెరికా. ఐరోపా దాన్ని కీలక ముడిసరుకుల జాబితాలో పెట్టుకుంది.

మొత్తం మీద నా తీర్పు ఇది. బోర్డుల వరకు సమస్య దాదాపు తీరింది: డోపో కట్టిన నోవొలాక్, ఫాస్ఫినేట్, కొంత అల్యూమినియం హైడ్రాక్సైడ్ కలిపితే బ్రోమిన్ అక్కర్లేదు, తేమను కాస్త ఎక్కువ పీల్చడం, ధర మిగిలిన ఫిర్యాదులు. పూతల్లో పాలీఫాస్ఫేట్ ఎప్పుడో గెలిచింది. విమానాలు, రైళ్లు, గాలిమరల నారల ఎపాక్సీలో సగం దూరమే వచ్చాం. పెద్ద మంటలో పొగ తగ్గించే విషయంలో సగం కూడా రాలేదు.

హైదరాబాద్, వరంగల్, విశాఖ ప్రయోగశాలల్లో ఈ అంశం మీద పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలకు ఒక్క మాట. మీ పత్రంలో సంకలనం ఎన్ని శాతం వేశారో కాకుండా భాస్వరం ఎన్ని శాతం ఉందో రాయండి, లేకపోతే ఒకరి ఫలితం ఇంకొకరితో పోల్చలేం. కడ్డీ మందం దాచకండి. మోనాక్సైడ్ వరుసను అనుబంధంలోకి తోసేయకండి. ఇంకో కొత్త అణువు కోసం ఫ్లాస్కు ఎక్కించే ముందు, ఇప్పటికే ఉన్న దిమ్మను 85 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న పెట్టెలో వెయ్యి గంటలు పెట్టి తీసి, మళ్లీ కాల్చి చూడండి.